వాల్‌నట్ చెట్టు కింద కొమ్ముల పురుగు

నా చిన్నప్పుడు నాకు మొదటిసారి అసూయ పుట్టింది ఒక పురుగు మూలంగా. అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్ ఊళ్లో, మా పెరట్లో పెద్ద వాల్‌నట్ చెట్టు ఉండేది. ఆ వేసవిలో నాన్నగారి స్నేహితుడి భార్య ఆసుపత్రిలో ఉంటే, వాళ్లమ్మాయిని మా ఇంట్లో ఉంచారు. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అని పిలవమన్నారు. మా అమ్మ ముందు తనకు జడ వేసి, తర్వాత నాకు వేసేది. నెయ్యి కూడా ముందు తన కంచంలోనే.

ఒకరోజు ఆ చెట్టు కింద అక్కకి అరచేయంత పొడవున్న ఆకుపచ్చ గొంగళిపురుగు కనిపించింది. తల వెనక ఎర్రటి కొమ్ములు. నేను భయంతో వెనక్కి పరుగెత్తాను. తను చేతిలోకి తీసుకుంది.

మా అమ్మ పెళ్లికి ముందు జువాలజీ చదివింది. "కరవదమ్మా, ఆ కొమ్ములు ఉత్త బెదిరింపుకే. మిషిగన్‌లో ఇది కనబడటమే అరుదు" అంటూ అక్క తల నిమిరింది. ఆ చెట్టు కింద రోజూ ఆడుకునేది నేను. దొరికింది మాత్రం తనకి.

కొన్నాళ్లు వాల్‌నట్ ఆకులు మేసి, ఆ పురుగు మేము బకెట్‌లో పోసిన మట్టిలోకి దిగిపోయింది. ఇది పట్టుపురుగులా గూడు కట్టదని, మట్టిలోనే ప్యూపాగా మారి చలికాలమంతా పడుకుంటుందని అమ్మ చెప్పింది. ఈలోగా అక్క వాళ్లమ్మ కోలుకుంది. వాళ్లు పక్క రాష్ట్రం ఒహాయోకి మారిపోయారు. వెళ్లేముందు అక్క బకెట్ నా ముందు పెట్టి, "నువ్వు టేక్ కేర్ చెయ్, ఓకే?" అంది. నాకు అదీ నచ్చలేదు. ఇచ్చే పెద్దరికం కూడా తనకే దక్కింది.

మంచు కురిసినన్నాళ్లూ బకెట్ గరాజ్‌లో ఉంది. మట్టి ఎండిపోకుండా తడుపుతూ వచ్చాను, పళ్లు నూరుకుంటూనే.

మళ్లీ వేసవి వచ్చాక ఒక ఉదయం బకెట్ అంచున ఆ పురుగే రెక్కలొచ్చి చిమ్మటై కూర్చుని ఉంది. బూడిదరంగు రెక్కలు, వాటి మీద ఎర్రటి ఈనెలు, పసుపు మచ్చలు. అమ్మ చాలాసేపు చూసి, "అక్కకి ఫోన్ చెయ్యవే" అంది. రేపు చేస్తానన్నాను.

అమ్మ కోప్పడలేదు. "దీనికి తినే నోరు ఉండదు. పురుగుగా తిన్నదాంతోనే వారమో, ఇంకా తక్కువో బతుకుతుంది. ఆలోపే జతకట్టి గుడ్లు పెట్టుకోవాలి. సాయంత్రం వదిలేద్దాం. నీ కుళ్లు పోయాక పిలుద్దామంటే అప్పటిదాకా ఇది ఆగదు. కుళ్లు ఉంటే ఉండనీ. ఫోన్ చెయ్యి."

చేశాను. మధ్యాహ్నానికల్లా వాళ్ల నాన్న అక్కని కార్లో తీసుకొచ్చారు. అక్క మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి చాపింది. చిమ్మట తన మణికట్టు మీదకే ఎక్కింది. నాకు మళ్లీ ఒళ్లు మండింది. అయినా పక్కనే కూర్చున్నాను.

"వింటర్‌లో చచ్చిపోయిందనుకున్నా" అంది అక్క మెల్లగా. "నా దగ్గర ఉంటే చచ్చిపోయేదే."

సాయంత్రం ఇద్దరం కలిసి దాన్ని చెట్టు మొదట్లో వదిలాం.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. తోటివాళ్ల ఇళ్లలో మంచి జరిగిందని వింటే ఈనాటికీ లోపల చురుక్కుమంటుంది. అది తగ్గేదాకా ఆగను. ఆ మంటతోనే వెళ్లి, వాళ్ల సంతోషం పక్కన కూర్చుంటాను.