ముప్పై తొమ్మిది చుట్లు

"పెద్దమ్మా, అమ్మ లేస్తలేదు" అని పొద్దున్నే మరిది కొడుకు నా అర్ర తలుపు కొట్టిండు. గట్ల తెలిసింది నాకు, మా యారాలు పోయిందని. యారాలంటే నా మరిది భార్య. పాతబస్తీ హుస్సేనీ ఆలంల ఒకే ఇంట్ల ఏండ్లకేండ్లు కలిసి బతికినం. ఆమె మీద నేను కుళ్లుకోని దినం లేదు. ఆ మాట చెప్పకుంట ఆమె ముచ్చట చెప్పలేను.

మా మామ ముందటర్రల చిన్న కార్ఖానా నడిపేటోడు. ఫ్యాక్టరీల కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్లు చేసేటోళ్లం. కొత్త కోడలిగ వచ్చిన నాకు మామనే నేర్పిండు. "పెద్ద తీగల రెండొందల ఆంపియర్లు వోతది బిడ్డా. సీదా మీటరుకిస్తె కాలిపోతది. అందుకే ఆ తీగను గీ ఇనుప రింగు నడుమలకెల్లి పంపుతరు. రింగుకు మనం నలభై చుట్లు రాగితీగ చుడితె, మన తీగల అయిదే వస్తది. మీటరు ఆ అయిదును చూసి రెండొందలు అని లెక్క చెప్తది."

కొన్నేండ్లు నేనొక్కదాన్నే చుట్టిన. తర్వాత యారాలు వచ్చింది. నేను పెదవులు కదుపుకుంట లెక్కవెడితె, ఆమె ముచ్చట్లు చెప్పుకుంట చుట్టేది. "లెక్క నోట్ల వెట్టుకోకక్కా, చేతుల వెట్టుకో" అనేది. ప్రేమతోనే అనేది. నాకు మండేది. ఎవలొచ్చినా మామ ఆమె రింగులే చూపెట్టేటోడు.

ఒకనాడు శాలిబండ ఐసు ఫ్యాక్టరీ మేనేజరు లొల్లి చేసుకుంట వచ్చిండు. "మేం వాడని కరెంటు గూడ మీటరు చూపెడుతున్నది" అని రింగు బల్ల మీద వెట్టిండు. మామ రింగు మీది పట్టీ ఇప్పి చుట్లు లెక్కవెట్టిండు. ముప్పై తొమ్మిది. ఒక చుట్టు తక్కువ, గందుకే మీటరు ఎక్కువ చూపెట్టింది. నాదైతదేమోనని భయపడ్డ. ఆమెదైతె బాగుండనుకున్న.

"నాదే మామా" అన్నదామె. "పిలగాడు ఏడిస్తె లేచిన, మళ్ల వచ్చి కూసుని తప్పిన. చేతుల లెక్క గూడ తప్పుతదని ఇయ్యాల తెలిసింది" అని నవ్వింది. మేనేజరు సుత నవ్విండు. ఛాయ్ తాగి పోయిండు. మామ కోపం చేస్తడని చూసిన. "గిట్ల ఒప్పుకునే కోడలుంటె నాకేం ఫికర్" అని గల్లీ అంత చెప్పుకున్నడు. నేను తప్పకుంట చుట్టినన్ని ఏండ్లల ఒక్కనాడు ఆ మాట వినలె. తప్పు చేసి గూడ ఆమెనే గెలిచింది. నేను అలిగి పండుకుంటె, పళ్లెం తెచ్చి పక్కన కూసుని తినిపించింది.

నా భర్త పోయినంక నా చేతులు వణికినయి. నా వంతు రింగులు ఆమె చుట్టి, "అక్క చుట్టింది" అని మామకు చెప్పింది. గంత మంచితనం ఆమెకే ఎందుకిచ్చిండో దేవుడు అని దానికి సుత కుళ్లుకున్న.

ఆఖరికి పసుపుకుంకుమలతోటి పోయింది. "మస్తు అదృష్టం" అన్నరు ఆడోళ్లు. నేను బోడి చేతులతోటి ఎనుక నిలవడ్డ. మాకెప్పుడు గాజులు తొడిగే చార్మినార్ కాడి ముసలమ్మ, ఆమెకు ఆఖరిసారి తొడగనీకి పచ్చగాజులు తెచ్చింది. అందర్ల నన్నే పిలిచి, "ఆమె చెయ్యి పట్టుకో అమ్మా" అన్నది. పట్టుకున్న. మొదటి గాజు బిగుసుకపోయిన ఏళ్ల కణుపుల కాడ ఆగింది. ముసలమ్మ ఆ ఏళ్లను మెల్లగ ఒత్తుకుంట, ఎప్పటి అలవాటుతోటి అన్నది:

"ఢీలా ఛోడో బేటీ... జర ఒదులుగ ఇడువు, నొప్పి కానియ్యను."