మనం, వాళ్ళు

వడమాలపేట దగ్గరి బడిలో ఏడో తరగతికి సోషల్ చెబుతాను. పుస్తకంలో ప్రపంచ మతాల పాఠం ఒకటుంది. ఒక్కో మతానికి రెండు పేజీలు, ఒక బొమ్మ. చప్పగా ఉందని నేను సొంత మాటల్లో చెప్పేదాన్ని. "మనం కొండకు పోతాం, గుండు కొట్టించుకుంటాం. వాళ్ళు మసీదుకు పోతారు, నమాజు చేస్తారు." ఏళ్ళుగా ఇదే పాఠం, బాగా చెబుతానని పేరు కూడా. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. మూడో బెంచీలో కూర్చునే అమ్మాయి ఒక్కతే ఈ ఏడు తరగతిలో ముస్లిం పిల్ల. ఆ సంగతి తెలిసే "వాళ్ళు" అన్నాను.

యూనిట్ టెస్టులో ఇస్లాం గురించి రాయమన్నాను. మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో ఆ పిల్ల పేపరు దిద్దుతున్నాను. ముత్యాల్లాంటి అక్షరాలు. "వాళ్ళు రోజుకు అయిదుసార్లు నమాజు చేస్తారు" అన్నంతవరకు టిక్కులు పెట్టుకుంటూ పోయాను. ఆ తర్వాత ఇలా ఉంది: "వాళ్ళ అవ్వకు మోకాళ్ళ నొప్పులు. అందుకని కుర్చీలో కూర్చొని నమాజు చేస్తుంది. వాళ్ళ నాయన పరుపులు కుడతాడు. వాళ్ళ ఇంట్లో ఒక పాప ఉంది. ఆ పాప వాళ్ళతో కూర్చోదు."

పుస్తకంలో అవ్వ లేదు, పరుపులు లేవు. సొంత ఇంటిని కిటికీ బయట నిలబడి చూసి రాసినట్టుంది. పట్టపగలు, పైన ఫ్యాను తిరుగుతోంది, పక్కన తెలుగు మేడం క్యారియర్ విప్పుతోంది. నేను మాత్రం ఆ వాక్యాలే మళ్ళీ చదివాను. ఆ పేపరుకు ఎన్ని మార్కులు వేయాలో తెలియక పక్కన పెట్టేశాను.

ఆ పిల్ల నాయనను పిలిపించాను. చొక్కాకు దూది అంటుకొనే వచ్చాడు. ఇంట్లో ఎలా ఉంటుందని అడిగాను.

"బాగానే సదువుతాది మేడం. మాటే ఒక మాదిరిగా ఉండాది. 'మీ రంజాన్ ఎప్పుడొస్తాది' అని నన్నే అడిగింది. యాడ నేర్చుకునిందో ఏమో."

నా దగ్గరేనని చెప్పే ధైర్యం రాలేదు. పేపరు కూడా చూపించలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మరునాడు మళ్ళీ ఆ పాఠమే తీశాను. ఈసారి "వాళ్ళు" అన్న మాట నోట రానివ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాను. "మన మసీదులో..." అని మొదలుపెట్టాను. పిల్లలెవరూ నవ్వలేదు. మూడో బెంచీలో చెయ్యి లేచింది. ఆ పిల్ల నిలబడి, నేను తప్పులు దిద్దే గొంతుతోనే, నిదానంగా చెప్పింది.

"మన కాదు మేడం. వాళ్ళ మసీదు."