ఏటి ఒడ్డు

పుస్తకాలు ఇచ్చేయాలని నేనే అన్నాను. ఎవరూ అడగలేదు, ఎవరూ తొందరపెట్టలేదు. మొన్నటి ఎండాకాలంలో ఒక ఆదివారం అన్నాలు తిన్నాక, "ఆ బీరువా ఖాళీ సేసేద్దుమే, పాత కాయితాల కబాడీ వోడొస్తే కేకెయ్" అని కోడలికి చెప్పి మంచం మీద ఒరిగాను. ఆ ఒక్క మాట అనడానికే ఒళ్ళు అలిసిపోయింది.

కంటి డాక్టరు చెప్పి అప్పటికి కొన్ని నెలలైంది. శుక్లమైతే తీసేయవచ్చు, ఇది కంటి వెనక జబ్బు, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోండి అని ఆయన నెమ్మదిగా హిందీలో చెప్పాడు. నేను ఎటు చూసినా మధ్యలో ఒక మసక మచ్చ ఉంటుంది. గుమ్మం కనిపిస్తుంది, గుమ్మంలో నిలబడిన మనిషి ముఖం కనిపించదు. పేజీ కనిపిస్తుంది, చదవబోయిన మాట కనిపించదు. ఇది కూడా లావు స్కెచ్ పెన్నుతో, గోడ మీద నినాదాలంత అక్షరాలతో రాస్తున్నాను. రాసింది తిరిగి చూసుకోలేను.

నాకు చదువు బడిలో అబ్బలేదు. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళయి బిలాస్‌పూర్ వచ్చేనాటికి కూడబలుక్కుని చదవడం మాత్రం వచ్చు. మా ఆయన గూడ్సు గార్డు. డ్యూటీకి వెళితే ఎప్పుడు వస్తారో తెలియదు. క్వార్టర్లో ఒంటరిగా ఏడుస్తూ కూర్చుంటున్నానని, రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీ నుంచి తన కార్డు మీద ఒక తెలుగు నవల తెచ్చి ఇచ్చారు. అక్కడ బెంగాలీ, హిందీ పుస్తకాల పక్కన తెలుగుకూ ఒక బీరువా ఉండేది. దాన్నంతా చదివేశాను. కథలు అయిపోతే చరిత్ర, అదీ అయిపోతే వ్యాకరణం, చివరికి ఏమీ మిగలక తేనెటీగల పెంపకం. తరువాత నేను కొనుక్కున్నవీ, ఎవరో వదిలేసి వెళ్ళినవీ కలిసి ఇంట్లోనే ఒక బీరువా అయ్యాయి. ‘ఏరు’ అనే మాటను ‘ఏటి’గా మార్చే ‘టి’ని ఔపవిభక్తికం అంటారని మా కాలనీ మొత్తంలో నా ఒక్కదానికే తెలుసు. ఇప్పటికీ గొప్పగానే చెప్పుకుంటాను. దాంతో చారు పోపు కూడా పెట్టలేమని మా ఆయన అనేవారు.

ఆ ‘ఏటి’తోనే ఆయన నన్ను ఆట పట్టించేవారు. మా వైపు ‘ఏమిటి’ అనడానికి ‘ఏటి’ అంటాం. రిటైరయ్యాక సర్కండాలో ఇల్లు కట్టుకున్నాం కాబట్టి లైబ్రరీకి వెళ్ళాలంటే అర్పా నది వంతెన దాటాలి. ఎండాకాలం కింద అంతా ఇసుకే, ఎక్కడో గేదెలు పడుకునేంత నీరు. వంతెన మధ్యకు రాగానే ఆయన స్కూటరు నెమ్మది చేసి, "ఏటి ఏరే ఇది? నీ పుస్తకాల్లో ఇలాటిది ఉన్నాదేటి?" అనేవారు. ప్రతిసారీ అదే మాట, ప్రతిసారీ నా విసుగు. ఆయన పోయాక ఆటోలో వంతెన దాటుతుంటే, ఆ మాట లేకుండా ఆ చోటు వెనక్కి పోవడం చాలాకాలం అలవాటు కాలేదు.

ఆ తరువాత నాకు మిగిలింది పక్కింటి ఒదిన. ఆవిడకి అక్షరం రాదు. మధ్యాహ్నం చింతపండులో పిక్కలు తీస్తూ కూర్చుంటే నేను పైకి చదివేదాన్ని. గయ్యాళి అత్త ఎవరైనా వస్తే, "ఆ పేజీ ఒగ్గేయమ్మా, దాని సంగతి నాకు తెలుసును" అనేది. చాలాసార్లు నడుమ నిద్రపోయేది. లేచి, ఏమీ జరగనట్టు, "పెళ్ళి అయిపోనాదేటి?" అని అడిగేది. ఆ ఎండాకాలానికి ముందటి వానాకాలంలో ఆవిడా వెళ్ళిపోయింది. నా కళ్ళు అప్పటికే మసకబారాయి. వినేవాళ్ళే లేనప్పుడు చదవలేకపోవడం పెద్ద నష్టం కాదనుకున్నాను. కానీ మధ్యాహ్నాలు పొడుగవుతూ వచ్చాయి.

మా అబ్బాయిది సీపత్‌లో ఉద్యోగం. ఫోనే చదివి పెడుతుందని ఏదో అమర్చి ఇచ్చాడు. ఒక పూట విన్నాను. తల్లి చచ్చిపోవడాన్నీ, సంతలో వంకాయల బేరాన్నీ అది ఒకే గొంతుతో చదివింది, బండి ఆలస్యమని స్టేషన్లో చెప్పినట్టు. వాడు శ్రద్ధగా చేసిన పని కదా అని, బాగుందిరా అని పక్కన పెట్టాను. బీరువా ఎందుకు అనిపించింది ఆ తరువాతే. చదువుకున్న మనిషిననే గర్వం చేజారిపోయి, దాని సామాను మాత్రం ఇంట్లో ఉండటం బరువుగా ఉంది.

కోడలు పుస్తకాలు దించి, దుమ్ము దులిపి, తాడుతో కట్టడం మొదలుపెట్టింది. తను ఇక్కడే పుట్టి, ఇక్కడే హిందీ మీడియంలో చదివింది. ఊరి చివర కోని వైపు బ్యాంకులో పని. తెలుగు అక్షరాలు వాళ్ళ నాన్న నేర్పారట గానీ, షాపు బోర్డు కంటే పొడుగైనది తను చదవగా నేనెప్పుడూ వినలేదు. కాసేపటికి తాడు చప్పుడు ఆగింది.

"అత్తయ్యా, దీనికి పై అట్టే లేదు. ఏం పుస్తకం ఇది?"

నాకేం కనిపిస్తుంది, చదివి చెప్పమన్నాను. చదివింది. చీకట్లో గోడ పట్టుకుని నడిచినట్టు ఒక్కో అక్షరాన్నీ తడుముకుంటూ వెళ్ళింది. ఒత్తుల దగ్గర ఆగింది. ఒక చోట మొత్తానికే ఆగిపోయింది.

"ఏటి? ఒడ్డున కూర్చుని..." మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. అదే వచ్చింది. "ఎవర్ని అడుగుతున్నాదత్తయ్యా ఈమె? ఏటి అని అడిగి, జవాబు వినకుండానే పోయి ఒడ్డున కూర్చున్నాది."

ఔపవిభక్తికం నాలుక చివరి దాకా వచ్చింది. దానికంటే ముందు నవ్వు వచ్చేసింది. నవ్వి చాలాకాలమైందేమో, దగ్గు తెరలు తెరలుగా పట్టుకుంది. కోడలు మంచినీళ్ళు తెచ్చి వీపు నిమిరింది. ఏరు సంగతి, వంతెన మీద మా ఆయన అనే మాట సంగతి చెప్పాను.

"అచ్ఛా," అంది తను, "అర్పా ఒడ్డున అన్నమాట. నేను ‘ఏమిటి’ అని అడుగుతోందనుకున్నా." తాడు చేతిలోకి తీసుకుని, "కట్టేయనా మరి?" అంది.

"ఇదొక్కటి ఉంచు. అయ్యాక చూద్దుం."

తక్కిన కట్టలు విప్పలేదు, కబాడీ వాడినీ పిలవలేదు. గోడ పక్కన అలాగే ఉన్నాయి. తనకు సెలవైన మధ్యాహ్నాల్లో అర పేజీ, ఎప్పుడైనా ఒక పేజీ చదువుతుంది. ఈ లెక్కన పుస్తకం పూర్తయ్యేదాకా నేనుంటానో లేదో. వినడం ఇంత అలసట పని అని నాకు తెలియదు. నా గొంతు నాకు ముద్దుగా ఉన్న రోజుల్లో, ఎదురుగా కూర్చుని వినడం కూడా ఒక పనేనని తోచలేదు. ఒదినకి చెప్పాల్సిన కృతజ్ఞత ఇప్పుడు తెలిసింది, చెప్పడానికి ఆవిడ లేదు.

మొన్న కూడా నడుమ నిద్రపట్టేసింది. మెలకువ వచ్చేసరికి తను ఇంకా తడుముకుంటూ చదువుతూనే ఉంది.

"పెళ్ళి అయిపోనాదేటి?" అన్నాను.

"లేదత్తయ్యా," అంది. "ఇంకా ఒడ్డునే కూర్చున్నాది."