ఎర్రపట్టీ, నీలిపట్టీ, రూతక్క

ఎయిర్‌పోర్టులో నేను పనిచేసే పుస్తకాల షాపుకు నిన్న కొత్త పెట్టె వచ్చింది. టేపు కోయగానే ఇంకు వాసన గుప్పుమంది. లోపల నా చిన్ననాటి సూపర్‌హీరో కామిక్స్, గట్టి అట్టలతో మళ్లీ వేసినవి. ఆ వాసన నన్ను మా ఊరు సాతంరాయిలో రూతక్క కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టింది.

రూతక్క మా పక్కింటావిడ. జాకెట్లు కుడుతూ, ఒక చెక్క బీరువాలో కామిక్స్ పెట్టి పిల్లలకు కిరాయికిచ్చేది. అప్పట్లో రెండు కంపెనీలు పోటాపోటీగా కామిక్స్ వేసేవి. ఒకదాని అట్టకు ఎర్ర పట్టీ, రెండోదానికి నీలిపట్టీ. మా వీధి పిల్లలం కూడా అలాగే రెండుగా చీలిపోయాం. నేను ఎర్రపట్టీ. నీలిపట్టీ వాళ్లతో ఒకే బెంచీ మీద కూర్చునేదాన్ని కూడా కాదు. రూతక్క మాత్రం ఒక నీలిది చదివి కథ చెప్తేనే ఇంకో ఎర్రది ఇచ్చేది. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకసారి నీలిపట్టీ హీరో గెలిచే ఆఖరి పేజీని చింపేసి పుస్తకం తిరిగిచ్చాను. రూతక్క వెంటనే పట్టేసింది.

"ఆఖరి పేజీ ఏదే?"

"వాళ్ల హీరో గెలవొద్దక్కా!"

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా పుస్తకాల సంచిలోంచి ఆ పేజీ తీయించి, పక్కన ఒక ఎర్రపట్టీ పుస్తకం తెరిచింది. రెండింటిలోనూ హీరోల భుజాల మీద గుడ్డ ఎగురుతోంది.

"జర ఈ మడతలు చూడు. గుడ్డ గిట్ల పడేటట్టు గీసుడు ఒక్కని చేతికే వస్తది. ఇన్నేండ్ల సంది కుడుతున్న, నాకు తెల్వదా? రెండు కంపెనీలకు గీసేది ఒక్కడే."

"మరి ఆయన పేరేదక్కా?"

"యాడ లేదు. ఓనర్ల పేర్లు మాత్రం గింత పెద్దగ ఏసుకున్నరు. ఆళ్ల కోసం మీరు కొట్లాడుడు. నువ్వేమో ఆయన బొమ్మనే చింపితివి!"

పేజీని నన్నే పట్టుకోమని, తెల్లదారంతో మిషను మీద పుస్తకానికి కుట్టేసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆ సిగ్గు కోపంగా మారింది, ఇంతవరకూ చల్లారలేదు. పిల్లల మధ్య తగువు పెట్టి అమ్ముకున్నారు ఆ కంపెనీలవాళ్లు. ఇప్పుడా పిల్లలు పెద్దవాళ్లై, అదే ఎర్ర, నీలి తగువుతో ఫోన్లలో అమ్మానాన్నల దాకా వెళ్లి తిట్టుకుంటున్నారు. కొత్త పుస్తకాల్లో ఓనర్ల ఫొటోలు, వాళ్ల గురించి పేజీల కొద్దీ పొగడ్తలు ఉన్నాయి. గీసినాయన పేరు ఇప్పుడూ లేదు. ఇంత అన్యాయమా! ఆయన పేరు అడుగుతూ రెండు కంపెనీలకూ ఎప్పుడో ఉత్తరాలు రాశాను, ఇప్పటికీ జవాబు లేదు.

రెండింటినీ వేరువేరు అరల్లో సర్దమని మేనేజరు చెప్పాడు. నేను ఒకే అరలో, ఒకదాని పక్కన ఒకటి పెట్టాను. సాయంత్రం విమానం కోసం ఆగిన ఒకాయన వచ్చి, "ఈ రెండు కంపెనీల్లో ఏది గొప్పదండీ?" అని అడిగాడు. రెండూ తెరిచి భుజాల మీది మడతలు చూపించాను.

"అరె, రెండూ ఒకరే గీశారు! ఎవరండీ ఆయన?"

చిన్నప్పటి నుంచి ఆయన బొమ్మల మీద ప్రాణం పెట్టుకున్నదాన్ని. తెలియదని చెప్పాల్సి వచ్చింది.