తాలింపు వేయని సెప్టెంబర్

పాపకి ఏడో నెల వచ్చిన ఆ సెప్టెంబర్‌లో నేను పొద్దున పూట తాలింపు వేయడం మానేశాను. ఇంగువ వాసన జుట్టుకి పడితే జింక అల్లంత దూరం నుంచే పసిగడుతుందని పక్కింటావిడ చెప్పింది.

అప్పుడు మేము అమెరికాలో, జార్జియాలోని కమ్మింగ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఆయన సోమవారం ఫ్లైట్ ఎక్కి క్లయింట్ దగ్గరికి వెళితే గురువారం రాత్రి వచ్చేవారు. నాకు పని చేసే వీసా లేదు, డ్రైవింగ్ రాదు. పాప నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని. లేస్తే, ఎందుకు లేచిందా అని కంగారు. పగలంతా నా గొంతు పాపకి తప్ప ఎవరికీ వినపడేది కాదు.

పక్కింటావిడ రిటైరైన టీచర్, విల్లుతో వేటాడుతుంది. మా పెరళ్ళ వెనక అడవి ఆవిడ కుటుంబానిదే. వేట సీజన్ మొదలయ్యేలోపు అందులో ఒక ముసలి మగ జింక ఎక్కడ మేస్తుందో, ఎక్కడ పడుకుంటుందో ఆవిడ కనిపెట్టాలి. ఒకరోజు ఫెన్స్ మీంచి కేకేసింది.

"హనీ, ఆ కిటికీలోంచి ఎంతకాలం చూస్తావు? పాపని కట్టుకుని రా."

ఆ సాయంత్రం ఫోన్లో చెబితే మా ఆయన నవ్వారు. "అడవిలోకా? పెరట్లో చీమ కుడితే ఎమర్జెన్సీకి వెళ్దామన్నావు!"

"అక్కడ చీమల్లేవులెండి. జింకలే."

పాపని ఛాతీకి కట్టుకుని రోజూ వెళ్ళేదాన్ని. ఆవిడ పాప పౌడర్ చిటికెడు గాలిలో వదిలి, అది ఎటు పోతే దానికి ఎదురు నడిచేది. కొమ్ములు రుద్దడంతో బెరడు లేచిన చెట్లు, ఓక్ కాయలు నమిలి వదిలేసిన తొక్కలు చూపించేది. "చిన్నవి పట్టపగలే వచ్చి నా గులాబీలు తింటాయి. ఈ ముసలాడు అలా కాదు. గాలి అడిగి గానీ అడుగు వేయడు," అనేది గుసగుసగా. నాకు జింక దొరకడం ముఖ్యం కాదు. పాప ఏడుస్తుందేమో, ఆవిడ ఇక పిలవదేమో అన్నదే నా బెంగ.

ఒకరోజు వాగు పైన పొదల దగ్గర ఆవిడ చెయ్యెత్తి ఆపింది. సరిగ్గా అప్పుడే పాప గుక్కపట్టి ఏడ్చింది. పొద విరిగినట్టు చప్పుడైంది. పెద్ద కొమ్ములు, తెల్లటి తోక పైన్ చెట్ల వైపు మాయమయ్యాయి. ఆవిడ అది పోయిన వైపే చూస్తూ నిలబడింది. నేను ఆ ముఖం చూడలేక, "ఐ విల్ గో అండ్ కమ్," అని ఇంటికి వచ్చేశాను.

అంతా అయిపోయిందనుకున్నాను. మధ్యాహ్నం దాటాక తలుపు చప్పుడైంది. ఆవిడే. బూట్ల నిండా బురద.

"ఏమైంది? పాపకి బాగాలేదా? దుంగ మీద కూర్చుని ఇంతసేపూ నీకోసం చూశాను. వస్తానన్నావుగా!"

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. "మా భాషలో వెళ్తున్నాను అనకూడదు. వెళ్లొస్తాను అంటాం. అంటే... వెళ్తున్నాననే."

ఆవిడ గుమ్మం పట్టుకుని పడీపడీ నవ్వింది. "అడవిలో ఒకరు వస్తానంటే వచ్చేదాకా కదలకూడదు. మాది ఆ పద్ధతి."

"మరి జింక?"

"పడక దొరికింది. పారిపోయే దారీ తెలిసింది, నీ కూతురి పుణ్యమా అని. కానీ వాడు బెదిరాడు. ఇక కొన్ని వారాలు ఎవరమూ అటు వెళ్ళకూడదు. ఆ తర్వాత వేటకి నేనొక్కదాన్నే వెళ్ళాలి."

తలూపాను. ఆవిడ మెట్లు దిగి, వెనక్కి తిరిగి, "ఐ విల్ గో అండ్ కమ్," అంది.

వెళ్తున్నాననా, మళ్ళీ వస్తాననా, అడగలేదు.

మర్నాడు పొద్దున, ఇక అడవికి వెళ్ళేది లేదు కదా అని మూకుడు పెట్టి, నూనె పోసి, ఆవాలు చేతిలోకి తీసుకున్నాను. కిటికీ అవతల అడవి కదలకుండా ఉంది. ఆవాలు డబ్బాలో పోసేసి పొయ్యి ఆర్పాను.