అమావాస్య నాడు పార్టిషన్ జరిపిన కథ

ధర్మవరంలో మగ్గాలకు అమావాస్య సెలవు. ఆ రోజు ఎవరూ పోగును అటూ ఇటూ నడిపే నాడె పట్టరు. పట్టుచీరల అంచులకు కంప్యూటర్లో డిజైన్లు గీసే నేను మాత్రం, నాకు మగ్గం లేదు కదా అని ఆ రోజే పనికి కూర్చున్నాను.

విండోస్ బదులు లైనక్స్ ఎక్కించేటప్పుడు డిస్కులో సిస్టమ్‌కు హాలంత చోటిచ్చి, నా ఫైళ్లకు పూజగదంత మిగుల్చుకున్నాను. అదీ నిండిపోయి ఒక్క డిజైనూ సేవ్ కావడం లేదు. ఇన్నాళ్లూ సర్దుకుపోయాను, ఇక సర్దుదామనుకున్నాను. నడుస్తున్న సిస్టమ్ కింది చోటును అది నడుస్తుండగా తగ్గించలేం కాబట్టి, పెన్ డ్రైవ్‌లో ఇంకో లైనక్స్ పెట్టి దాంతో కంప్యూటర్ ఆన్ చేశాను. సిస్టమ్ వాటా అయిన పార్టిషన్‌ను కుదించి, ఫైళ్ల పార్టిషన్‌ను ఆ ఖాళీలోకి జరిపి పెంచమన్నాను. అది సగం జరిగాక గుర్తొచ్చింది. లైనక్స్ కోసం నేను తుడిచేసిన ఆ పెన్ డ్రైవ్‌లోనే డిజైన్ల రెండో కాపీ ఉండేది.

వాటిలో పక్కింట్లో మగ్గం నేసే మామ అంచు ఉంది. వాళ్ల నాయన గ్రాఫ్ కాగితం మీద గీసిన హంసల వరుస. కాగితానికి చెదలు పట్టాక, మిగిలిన ముక్కలు చూసి ఇద్దరం కలిసి కంప్యూటర్లోకి ఎక్కించాం.

ఆయన అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమప్పా, అమావాస్య పూట మిషన్ తిప్పుతాండావు? ఆపు."

"ఇది మగ్గం కాదు మామా."

"మగ్గానికి అంచు ఇచ్చేది ఇదే గదా. దీనికీ రెస్టు ఉండాల." స్విచ్ వైపు చెయ్యి చాపాడు.

నేను అడ్డం పడ్డాను. "ఇప్పుడు ఆపితే మీ నాయన హంసలు పోతాయి మామా. ఇంకో కాపీ లేదు."

ఆయన చెయ్యి అక్కడే ఆగింది. ఎందుకు లేదని అడగలేదు. అడిగి తిట్టినా బాగుండేది.

అంతలో కరెంటు పోయింది. యూపీఎస్ కూతలు మొదలెట్టింది. దాని బ్యాటరీ నాలాంటిదే, చూడ్డానికి మాత్రం ఓపిక ఉన్నట్టుంటుంది.

"ఎంతసేపు నిలుస్తాది?"

"తెలీదు మామా."

"నీకు తెలిసిందేముండాదప్పా."

ఆయన స్టూలు లాక్కుని, తెర మీద పని ఎంత అయిందో చూపే గీత ఎదురుగా కూర్చున్నాడు. చివరికి గీత నిండింది. కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసి ఫైలు తెరిచాను. హంసలు వచ్చాయి. ఆయన ఒక్కో హంస మీదా వేలు పెట్టి చివరిదాకా చూశాడు. తర్వాత చొక్కా జేబులోంచి ఫోను తీసి నా ముందు పెట్టాడు.

"దీన్లోకి ఎక్కించు."

"ఈ రోజు అమావాస్య..."

"నాకు తెలీదా? ఆ కూత ఆగకముందే ఎక్కించు."