మా ఇంటిపేరున్న వీరజవాను
కిందటేడు అత్తగారూ నేనూ అమలాపురం నుంచి విశాఖ వెళ్లి, సముద్రం ఒడ్డున వీరజవాన్ల స్మారకం చూస్తున్నాం. అక్కడ చెక్కిన పేర్లలో, యుద్ధంలో పోయి శౌర్యపతకం పొందిన ఒకాయనది మా ఇంటిపేరే! అత్తగారు బావురుమన్నారు. కాపలా ఆయన కంగారుగా కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "మీకేమవుతారమ్మా?" అన్నాడు.

"తెలీదండి. ఇంటిపేరొక్కటే కదండి, మావోరే."

చుట్టూ జనం నవ్వుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. అంతటితో అయిందా!

"ఆయన పోయేరని ఇప్పుడేగా తెలిసింది! దాయాదులకి మైల, స్నానం చెయ్యాలి. నువ్వు మా ఇంటి కోడలివి, నీక్కూడానే" అంటూ నన్ను సముద్రంలోకి లాక్కెళ్లారు.

తిరుగుప్రయాణంలో బస్సులో తడిచీరతో వణుకుతూ ఎంత విసుక్కున్నానో!

మొన్న మహాలయ అమావాస్యకి పెద్దల పేర్లు చెబుతూ అత్తగారు ఆ జవానుని మరిచిపోయారు. గుర్తుచేసింది నేనే.